గురక పెట్టిన సంఘ పెద్ద

మా తోట్లవల్లూరు గుడిలో ఎడమవైపు మూడో బెంచీ నాది. అయ్యగారు వాక్యం చదివి ప్రసంగం మొదలుపెట్టిన అయిదు నిమిషాలకే ఆ బెంచీ మీద నా తల వాలిపోయేది. సండే స్కూలు పిల్లలు మొదట నవ్వారు. తర్వాత్తర్వాత పెద్దలకూ నవ్వు ఆగలేదు. ఒక ఏడు క్రిస్మస్ ఆరాధనలో కోయిర్ వారు పాట ముగించి కూర్చున్నా శ్రుతి మాత్రం ఆగలేదట. అది హార్మోనియం కాదు, నేనే. మా ఆవిడ మోచేత్తో డొక్కలో పొడిచింది. ఉలిక్కిపడి లేచి, ఏమీ తోచక గట్టిగా "ఆమేన్" అన్నాను. గుడంతా గొల్లుమంది.

నవ్వించడానికి ఇది రాయడం లేదు. ప్రసంగంలో నిద్రపోయేవాడు సోమరి అని మనం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. 34 ఏళ్లు బడిపంతులుగా చేసి, సంఘ పెద్దగా ఉండి, సామెతల గ్రంథం 6వ అధ్యాయం చేతబట్టుకుని, చీమల దగ్గర బుద్ధి నేర్చుకోండని యవనస్థుల కూటంలో ప్రసంగించినవాణ్ణి. ఆ సాయంత్రమే వాకిట్లో పడక కుర్చీలో పేపరు ముఖాన కప్పుకుని నిద్రపోయాను. వెనక వరసలో కునికే ఒక సహోదరుణ్ణి అందరిముందూ పేరు పెట్టి లేపిన తప్పు కూడా నాదే. చెరకు కొట్టే కూలి ఆయన. పని అలసటే అనుకున్నాం. ఆయనకూ నా జబ్బే ఉండేదేమో. అడుగుదామంటే ఆయన ఇప్పుడు లేడు.

జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. దానికి వాడే మెషీన్‌ను సీపాప్ అంటారు. ముక్కుకు మాస్కు, మాస్కుకు గొట్టం, గొట్టానికి చిన్న రేడియో అంత పెట్టె. ఆ పెట్టెతో నేను మొదటి నెల పడ్డ పాట్లు, తర్వాత పొందిన మేలు నలుగురికీ తెలియాలని అయ్యగారు అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

2023 నవంబరులో విజయవాడ నుండి కరకట్ట మీదుగా బండి మీద వస్తున్నాను. వెనక మనవడు, ఏడేళ్లవాడు. మధ్యాహ్నం మూడు గంటలు. ఊరు ఇంకా మూడు కిలోమీటర్లుందనగా బండి కట్ట దిగి అరటితోటలోకి పోయింది. ముందురోజే నీళ్లు పెట్టిన నేల కాబట్టి మెత్తటి బురదలో కూరుకుని ఆగింది. దేవుని కృప, ఇద్దరికీ గీత పడలేదు. గేదె అడ్డొచ్చిందని ఇంట్లో చెప్పాను. రాత్రి భోజనాల దగ్గర వాడు, "తాతయ్యా, గేదె లేదుగా. నువ్వు కళ్లు మూసుకున్నావు" అన్నాడు. మా అబ్బాయి కంచం ముందు నుండి లేచిపోయాడు. ఆ తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు విజయవాడలో ఊపిరితిత్తుల డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లాడు.

ఆ డాక్టరు గారు నన్ను రెండే ప్రశ్నలడిగి, మా ఆవిడ వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా. రాత్రి ఏమవుతుంది?"

"గురక పెడతారు బాబూ. పెట్టీ పెట్టీ ఒక్కసారిగా ఆగిపోతారు. ఊపిరుండదు. నేను ఒకటి, రెండు అని లెక్కపెడతాను. ముప్పై దాటితే భుజం పట్టుకుని కుదుపుతాను. అప్పుడు గుటకలేసి మళ్లీ మొదలుపెడతారు."

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"పదేళ్ల పైమాటే."

పదేళ్లుగా నా పక్కన ఒక మనిషి చీకట్లో లెక్కపెడుతూ పడుకుందని నాకు తెలియదు. నిద్రలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? ఇంకో మాట కూడా ఆ రోజే బయటపడింది. 2019లో మా అమ్మాయి మొదటి పురుడుకు ఈవిడ హైదరాబాదు వెళ్లి రెండు నెలలు ఉండాలి. గేదె ఈనేలా ఉందని, పాలు తీసేవారు లేరని వెళ్లలేదు. పిల్ల చాలా నొచ్చుకుంది. నేను కూడా, పశువు ఎక్కువైందా అని కసిరాను. గేదె కాదట కారణం. "రాత్రిళ్లు ఈయన్ని కుదిపేవాళ్లు ఎవరున్నారు బాబూ?" అని డాక్టరు గారితో అంది. నాతో అనలేదు.

సక్షన్ పైపు సంగతి

డాక్టరు గారు బొమ్మ గీసి చెప్పారు గాని, నాకు అర్థమైంది మన పొలం ఇంజను వల్ల. లంకల్లో ఆయిలు ఇంజను పెట్టి నీళ్లు తోడేవారికి తెలుసు: సక్షన్ పైపు పాతబడి మెత్తబడితే, ఇంజను గట్టిగా లాగినప్పుడు పైపు గోడలు లోపలికి నొక్కుకుని అతుక్కుపోతాయి. ఇంజను మోగుతుంది, నీరు రాదు. మన గొంతూ అంతే. నిద్ర పట్టగానే గొంతు కండలు వదులవుతాయి, నాలుక వెనక్కి వాలుతుంది. కొందరిలో దారి మరీ ఇరుకు. కొద్దిగా ఇరుకైతే గురక. పూర్తిగా మూసుకుంటే మౌనం. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి పోదు. రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. అప్పుడు మెదడు భయపడి మనిషిని సగం మేల్కొలుపుతుంది. ఒక గుటక, మళ్లీ గురక, మళ్లీ మూత. ఇలా రాత్రంతా లేస్తున్నా తెల్లారి మనకేమీ గుర్తుండదు. తలనొప్పి, నోరెండడం, పగలంతా మత్తు, ఇవే మిగులుతాయి. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేవడం షుగరు వల్లనే అనుకున్నాను. అందులోనూ దీని పాత్ర ఉందట. ఎన్ని మాత్రలు మార్చినా దిగని నా బీపీలో కూడా.

ఒక రాత్రి పరీక్ష చేశారు. తలకు, ఛాతీకి వైర్లు, వేలికి క్లిప్పు. ఇన్ని తగిలిస్తే ఎవరికి నిద్రపడుతుందని అనుకున్నాను గాని పది నిమిషాల్లో గురక పెట్టానట. గంటకు ఇన్నిసార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగిందని లెక్క ఇస్తారు. పెద్దవారిలో 5 లోపు ఉంటే ఫరవాలేదు. 5 నుండి 15 స్వల్పం, 30 వరకు మధ్యరకం, 30 పైబడితే తీవ్రం. నాది 42. అంటే నిమిషంన్నరకొకసారి. మా ఆవిడ లెక్క ఎక్కువ కాదు, తక్కువే.

మా నాన్నగారు ఉపదేశిగా పనిచేసేవారు. ఆయన గురక మూడిళ్ల అవతలికి వినపడేది. 58వ ఏట ఒక తెల్లవారుజామున లేవలేదు. నిద్రలో ప్రభువు పిలుపునందుకున్నారని సమాధి రాతి మీద చెక్కించాం. అది నిజమే, ఆ రాతను మార్చబోవడం లేదు. కాని ఆ రిపోర్టు చేతబట్టుకుని బస్టాండులో కూర్చున్నప్పుడు ఆయన ముఖమే కళ్లముందు నిలిచింది.

ఇది అరుదైన జబ్బు కాదు. 2019లో లాన్సెట్ వారి వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుండి 69 ఏళ్ల మధ్యవారిలో దాదాపు 94 కోట్ల మందికి ఎంతో కొంత ఇది ఉంది. మన దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి ఉండవచ్చునని ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో లెక్కకట్టారు. తెలుగు సినిమాలకు కూడా సంగీతం ఇచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో మరణించినప్పుడు, వైద్యులు చెప్పిన కారణాల్లో ఈ జబ్బు ఉంది. అమెరికాలో రెజ్జీ వైట్ అని గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడు, అభిషేకం పొందిన బాప్టిస్టు సేవకుడు ఉండేవాడు. కొండలాంటి మనిషి. 2004 డిసెంబరు 26 తెల్లవారుజామున, క్రిస్మస్ మర్నాడు, 43 ఏళ్లకే పోయాడు. గుండెకు, ఊపిరితిత్తులకు వేరే జబ్బు ఉందని తేలినా, నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు కూడా తోడై ఉండవచ్చునని వైద్య పరీక్షకులు చెప్పారు. తర్వాత ఆయన పేరిట ఏర్పడిన సంస్థ ఈ జబ్బు గురించి ప్రచారం చేసింది.

లావుపాటి మగవారికే వస్తుందనుకోకండి. మెడ పొట్టిగా లావుగా ఉన్నవారికి ఎక్కువన్నది నిజం. కాని సన్నటివారిలోనూ, దవడ వెనక్కి ఉన్నవారిలోనూ ఉంటుంది. నెలసరి ఆగిన స్త్రీలలో పెరుగుతుంది. వారిలో గురక అంతగా లేకుండా, నీరసం, నిద్రలేమి, చిరాకుగా కనబడుతుంది గనుక "ఆమెకు మనోవ్యాధి" అని వదిలేస్తారు. నోరు తెరుచుకుని నిద్రపోతూ గురకపెట్టే చిన్నపిల్లలకు టాన్సిల్స్, ముక్కు వెనక గ్రంథులు వాచి ఉండవచ్చు. అవి తీసేస్తే చాలామందికి నయమవుతుంది. క్లాసులో నేను బెత్తంతో లేపిన పిల్లల్లో అలాంటివారెందరో.

ఆస్ట్రేలియా డాక్టరు, ఊడ్చే మెషీను

ఈ సీపాప్‌ను కనిపెట్టినది ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు డాక్టరు కాలిన్ సల్లివాన్. అంతకుముందు ఈ జబ్బు తీవ్రమైతే గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టడమే వైద్యం. అంత కోత వద్దన్న ఒక రోగికి 1980 జూన్‌లో ఈయన మరో దారి చూపాడు. ఇళ్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరు మోటారు గాలిని పీలుస్తుంది కదా, దాన్ని ఊదేలా అమర్చి, ముక్కుకు మాస్కు కట్టి ఆ గాలి పంపాడు. గాలి ఒత్తిడికి గొంతు గోడలు అతుక్కోకుండా తెరుచుకుని నిలబడ్డాయి. ఆ మనిషి చాలా ఏళ్ల తర్వాత నిజమైన నిద్ర నిద్రపోయాడు. అయిదుగురు రోగుల మీద ఫలితాలు 1981లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. ఇప్పటి మెషీన్లన్నీ ఆ మోటారు సంతానమే.

మా బంధువులు చూడ్డానికి వచ్చి "ఆక్సిజన్ మీదున్నారా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆక్సిజన్ కాదు. గదిలో ఉన్న గాలినే ఒత్తిడితో పంపుతుంది. ఆ ఒత్తిడిని సెంటీమీటర్ల నీటితో కొలుస్తారు. సాధారణంగా 4 నుండి 20 వరకు. నాకు 11 కుదిరింది. అంటే జానలో సగం లోతు నీళ్లు ఎంత నొక్కుతాయో అంత. అంత చిన్న ఒత్తిడి చాలు గొంతు తెరుచుకోవడానికి.

మొదటి నెల

2024 ఫిబ్రవరిలో మెషీన్ ఇంటికి వచ్చింది. మొదటి రాత్రి 20 నిమిషాలు. తుఫాను రోజు మచిలీపట్నం బీచిలో సముద్రానికి ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడినట్టుంది. పీల్చడం సులువు, వదలడం కష్టం. బావిలో పడ్డవాడిలా చేతులాడించి మాస్కు పీకి పారేశాను. రెండో రాత్రి పెట్టుకుని నిద్రపోయాను, తెల్లారి చూస్తే మాస్కు మంచం కింద ఉంది. ఎప్పుడు తీశానో తెలియదు. మూడో రాత్రి ముక్కు దూలం మీద పుండు పడింది. వారం తిరిగేసరికి మెషీన్‌ను బీరువా మీదకెక్కించి, దేవుడిచ్చిన ముక్కుకు ఈ బాధెందుకని ఉపన్యాసమిచ్చాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు మెలకువ వచ్చినప్పుడు, పక్కన ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. "పంతొమ్మిది, ఇరవై" అంటోంది.

మర్నాడు బీరువా మీద నుండి దించాను.

ఆ తర్వాత నేర్చుకున్నవి చెబుతాను. కొత్తవారికి పనికొస్తాయి. అన్నిటికన్నా ముందు, మాస్కును నిద్రలోనే అలవాటు చేసుకోవాలని చూడకండి. పగలు మెలకువగా కూర్చుని, మెషీన్ ఆపేసి ఉత్త మాస్కు పెట్టుకుని అరగంట బైబిలు చదివేవాణ్ణి. నాలుగు రోజులయ్యాక మెషీన్ వేసి టీవీ వార్తలు చూశాను. మా మనవడు "తాతయ్య పైలట్" అనేవాడు. మనసుకు అది ప్రమాదం కాదని తెలియడానికి వారం పట్టింది. తర్వాత మధ్యాహ్నం కునుకులో, ఆ తర్వాత రాత్రికి. మెషీన్‌లో ర్యాంప్ అని ఒక వీలుంటుంది. మొదట తక్కువ ఒత్తిడితో మొదలై, నిద్రపట్టేలోగా మెల్లగా పెరుగుతుంది. అది ఉందని నాకు మూడో వారం దాకా ఎవరూ చెప్పలేదు. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గించే ఏర్పాటు కూడా చాలా మెషీన్లలో ఉంటుంది. అడిగి పెట్టించుకోండి.

మాస్కు విషయంలో మొహమాటం వద్దు. అమ్మినాయన నాకు పెద్ద సైజు అంటగట్టాడు. గాలి కంట్లోకి కొడుతుంటే నేను పట్టీలు బిగించాను. బిగించినకొద్దీ పుండు, పుండు పడినకొద్దీ కోపం. నిజానికి మాస్కు అంచు గాలితో ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి, మరీ బిగిస్తే ఉబ్బదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. సరిచేసుకునేటప్పుడు కూర్చుని కాదు, పడుకుని, మెషీన్ వేసి సరిచేసుకోవాలి. ముక్కుకు మాత్రమే పెట్టేవి, ముక్కు రంధ్రాల దగ్గర ఆనేవి, ముక్కూ నోరూ కప్పేవి అని రకాలున్నాయి. నోరు తెరిచి నిద్రపోయేవారికి ముక్కు మాస్కు పెడితే గాలంతా నోట్లోంచి పోయి, తెల్లారేసరికి నాలుక అట్టముక్క అవుతుంది. నాకదే అయింది. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి మందు వాడాలి. గడ్డం గీసుకోని రోజు గాలి కారుతుంది. ఇంకొకటి, ఇది మనవారి సంగతి: రాత్రి తలకు, ముఖానికి కొబ్బరినూనె రాసుకుంటే మాస్కు జారిపోతుంది. 60 ఏళ్ల అలవాటు, ఉదయానికి మార్చుకున్నాను. మాస్కును రోజూ గోరువెచ్చని నీళ్లలో తేలిక సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టాలి. ముఖపు జిడ్డే దానికి శత్రువు.

మెషీన్‌తో వచ్చే నీళ్ల డబ్బా ముక్కు ఎండకుండా గాలికి తేమ ఇస్తుంది. దాంట్లో డిస్టిల్డ్ వాటరే పోయాలి, రోజూ మార్చాలి. మన డెల్టాలో బోరు నీళ్ల సంగతి మీకు చెప్పాలా? సముద్రం వైపు పోయినకొద్దీ ఉప్పే. నేను ఒక వారం మా బోరు నీళ్లు పోశాను. డబ్బా అడుగున సున్నం కొట్టినట్టయింది. జలుబుకు మంచిదని నీలగిరి తైలం చుక్కలు వేయబోయాను. మా అబ్బాయి చేయి పట్టుకున్నాడు. అందులో నీళ్లు తప్ప ఏమీ వేయకూడదు, అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చలికాలం రాత్రి గొట్టంలో నీరు చేరి ముక్కులోకి గుడగుడమంటుంది. గొట్టానికి పాత కండువా చుట్టాను, తగ్గింది.

ఇక దోమతెర. ఏ పుస్తకంలోనూ దీని గురించి రాయరు. కృష్ణ ఒడ్డున దోమతెర లేకుండా పడుకోలేం. గొట్టం కోసం తెర ఎత్తితే దోమలన్నీ లోపలే. మెషీన్‌ను మంచం మీద పెడితే గాలి లోపలికి పీల్చే చోటికి దుప్పటి అడ్డుపడుతుంది. చివరకు మా ఆవిడే తెరకు తలవైపు చిన్న కత్తిరింపు పెట్టి, అంచుకు పాత లంగా తాడు కుట్టి, గొట్టం దూర్చి ముడివేసింది. గొట్టాన్ని తల పైన తెర కర్రకు వదులుగా కట్టింది. ఇప్పుడు పక్కకు తిరిగినా మెడకు చుట్టుకోదు.

కొందరికి గాలి కడుపులోకి పోయి ఉబ్బరం, తేనుపులు వస్తాయి. నాకూ వచ్చాయి. డాక్టరు గారితో చెబితే ఒత్తిడి సర్దారు. మనంతట మనం మార్చుకోకూడదు, ఒకరి మెషీన్ ఇంకొకరు పెట్టుకోకూడదు. ధర సంగతి: మంచి మెషీన్ 30 వేల పైన మొదలై రకాన్నిబట్టి ఇంకా పెరుగుతుంది. పసుపు అమ్మిన డబ్బు దానికే పోయింది. నెల అద్దెకు ఇచ్చేవారు కూడా ఉన్నారు, ముందు అలా వాడి చూడడం తెలివైన పని. నాకు ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది. చవకగా వస్తుందని పాత మెషీన్ కొనేవారు జాగ్రత్త. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లోపలి నురుగు పొర పాడై ముక్కలు గాలిలో కలిసే ప్రమాదముందని లక్షలాది మెషీన్లను వెనక్కి పిలిచింది. అలాంటిదేమో నెంబరు చూపించి కనుక్కోవాలి.

ఎంతసేపు పెట్టుకోవాలి? నిద్రపోయినంతసేపూ. కనీసం 4 గంటలైనా లేకపోతే వాడినట్టు లెక్క కాదంటారు. 2016లో 2,717 మంది గుండె, మెదడు జబ్బులవారి మీద చేసిన ఒక పెద్ద పరిశోధనలో సీపాప్ వల్ల గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. అది చదివి నేను డాక్టరు గారిని నిలదీశాను. వారు సగటున రాత్రికి 3.3 గంటలే పెట్టుకున్నారని, అయినా వారికి పగటి మత్తు తగ్గిందని, మనసు కుదుటపడిందని ఆయన చూపించారు. కాబట్టి మెషీన్ అన్నిటినీ ఆపేస్తుందని నేను చెప్పను. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, తాగేవారు మానడం, నిద్రమాత్రలు సొంతంగా మింగకపోవడం కూడా వైద్యంలో భాగమే. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు డాక్టరుకు ఈ జబ్బుందని ముందే చెప్పడం మరువకండి.

నాకు 26వ రాత్రి కుదిరింది. పది ఇరవైకి పడుకుని కళ్లు తెరిస్తే అయిదు. ఒంటికి లేవలేదు. తలనొప్పి లేదు. కల వచ్చింది, కలలు రావడం మానేసి ఎన్నేళ్లయిందో. మా ఆవిడ ఇంకా లేవలేదు. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో నాకన్నా ఆలస్యంగా ఆమె లేవడం నేను చూడలేదు. పాలవాడు పిలిచి వెళ్లిపోయాడు. నేనే కాఫీ పెట్టి, ఏడు దాకా లేపకుండా కూర్చున్నాను.

వరద రాత్రులు

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వచ్చిన వరద ఎవరూ మరువలేరు. 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలారు. 2009 అక్టోబరు వరదను మించిపోయింది. మా లంకలు మునిగాయి. అరటి, కంద, పసుపు నీటిపాలయ్యాయి. జనం గొడ్డూ గోదాతో కట్టెక్కారు. అంతటి కష్టంలో నా మెషీన్ గోడు చెప్పుకోవడం సిగ్గే. కాని ఇది కూడా తెలియాలి. కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద మొదటి రాత్రి రెండింటి దాకా నడిచి ఆగింది. నీళ్లు వేడిచేసే భాగం ఎక్కువ కరెంటు లాగుతుందని, దాన్ని ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుందని తర్వాత తెలిసింది. రెండో రాత్రి వీపు వెనక దిండ్లు పెట్టుకుని, తల ఎత్తుగా, పక్కకు ఒరిగి పడుకున్నాను. మా ఆవిడ లాంతరు తగ్గించి మళ్లీ లెక్కకు కూర్చుంది. ఆర్నెల్లుగా మానేసిన పని. "అలవాటు తప్పింది, మధ్యలో నిద్రొచ్చేస్తోంది" అని నవ్వింది. ఇప్పుడు కంపెనీ వారి అడాప్టరుతో విడిగా ఒక బ్యాటరీ ఉంచుకున్నాం.

ఇంకొక్క సంగతి. మా ఇంట్లో గృహకూటం జరిగినప్పుడు ఒక సహోదరుడు మెషీన్ చూసి, "మాస్టారూ, విశ్వాసముంటే ఇదెందుకండీ? ప్రార్థనకు ఊపిరి లేదా?" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నాకు మాట రాలేదు. అయ్యగారే జవాబిచ్చారు. హిజ్కియా మరణకరమైన జబ్బుతో గోడవైపు తిరిగి ఏడ్చినప్పుడు దేవుడు ఆ ప్రార్థన విన్నాడు, పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు (2 రాజులు 20:5-7). ప్రార్థన విన్న దేవుడే ముద్ద కూడా కట్టించాడు, హిజ్కియా దాన్ని విప్పి పారేయలేదు, అన్నారు.

తర్వాత ఆయన నా వైపు తిరిగి, త్రోయలో పౌలు ప్రసంగిస్తుంటే కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుండి పడిపోయిన ఐతుకును గుర్తుచేశారు (అపొస్తలుల కార్యములు 20:7-12). "మాస్టారూ, పౌలు కిందికి దిగి వెళ్లి అతణ్ణి కౌగిలించుకున్నాడు. నేను పద్ధెనిమిదేళ్ల నుండి పల్పిట్ మీద నుండి మిమ్మల్ని చూస్తున్నాను. ఒక్కసారీ దిగి రాలేదు" అన్నారు. ఆయన అలా అంటారని నేననుకోలేదు. వెనక బెంచీ సహోదరుడు మనసులో మెదిలాడు.

ఆ ఆదివారం నుండి ఆరాధనయ్యాక అయ్యగారు స్త్రీల మైత్రి వారిని ఒక మాట అడుగుతున్నారు: మీ ఇంట్లో ఎవరికైనా గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా? పురుషులను అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ఇప్పటికి ముగ్గురు పరీక్షకు వెళ్లారు. ఇద్దరికి ఉందని తేలింది. వారిలో ఒకరు మెషీన్‌ను బీరువా మీదకెక్కించారని వాళ్లావిడ చెబితే, మొన్న నేనే వెళ్లి దించి, దోమతెరకు కత్తిరింపు ఎక్కడ పెట్టాలో చూపించి వచ్చాను.

2025 జనవరిలో మా అమ్మాయికి రెండో కాన్పు. ఈసారి గేదె మాట ఎవరూ ఎత్తలేదు. ఉయ్యూరు దాకా వెళ్లి మా ఆవిణ్ణి హైదరాబాదు బస్సెక్కించాను. కిటికీలోంచి వంగి డబ్బాలో నీళ్లు, మాస్కు కడగడం, బ్యాటరీ ఛార్జింగు, మూడుసార్లు చెప్పింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను.

"పెట్టుకున్నారా?"

"పెట్టుకుంటున్నాను."

"నేను లైన్లో ఉంటాను. మెషీన్ వేయండి, చప్పుడు వింటాను."

మెషీన్ వేసి ఫోను దాని దగ్గర పెట్టాను. మాస్కు బిగించుకుని మళ్లీ ఫోను చెవి దగ్గర పెట్టుకునేసరికి అవతల మాట లేదు. కాసేపు విన్నాను. నిద్రపోయింది.